చదువుల భారం – మనసుకు ఊరట

మొదటి ఖుత్బా

సకల ప్రశంసలకు అర్హుడైన అల్లాహ్‌ను కీర్తిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా దరూద్, సలామ్ పంపుతూ ఈ ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాను. అమ్మా బాద్!

ధార్మిక సోదరులారా!

శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదును గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో, 1641లో, ఇక్కడి ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించాడు. ఎచ్చెర్ల మండలంలోని షేర్ మహమ్మద్ పురం అనే గ్రామనామంలో కూడా ఆ పేరే వినిపిస్తుంది. జనం నేడు ఆ ఊరిని పొట్టిగా ఎస్.ఎం.పురం అంటున్నారు. బస్సు దిగేటప్పుడు ఆ రెండక్షరాలు పలికేవారిలో ఎంతమందికి వాటి పూర్తి రూపం తెలుసో! ఆ ఊరి చెంతనే ఇప్పుడు మన ట్రిపుల్ ఐటీ ప్రాంగణం ఉంది. 2016లో మొదలైన ఆ విద్యాసంస్థకు తోడు, ఎచ్చెర్లలోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అది 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రంగా పుట్టి, 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయంగా ఎదిగింది. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలూ, వాటి హాస్టళ్లూ ఉన్నాయి. వేలాది మంది పిల్లలు ఇల్లు విడిచి వచ్చి మన ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. వారిలో మన పిల్లలు చాలా తక్కువ. తక్కువ కాబట్టే మన కంటికి కనబడరు. ఈ జుమా నాడు నేను వారిని గురించి మాట్లాడదలచాను.

పదవ తరగతి మార్కులను బట్టి ట్రిపుల్ ఐటీలో చేరే పిల్లవాడికి పదిహేనో పదహారో ఏళ్లుంటాయి. రెండేళ్ల పి.యు.సి., ఆపైన నాలుగేళ్ల బి.టెక్., మొత్తం ఆరేళ్ల కాలం. అతను తన ఊరి బడిలో ప్రథముడు. ఫలితాలు వచ్చిన రోజున వీధంతా మిఠాయి పంచారు. మెకానిక్ షెడ్డులో పనిచేసే అబ్బా ఆ మార్కుల కాగితాన్ని జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. ఇక్కడికి వచ్చాక తెలిసిందేమిటంటే, తన పక్కన కూర్చున్న ప్రతి పిల్లవాడూ తన ఊళ్లో ప్రథముడే! మొదటి పరీక్షలో అతనికి నలభయ్యో స్థానం వచ్చింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. కానీ ఇంతకాలం తానెవరని అనుకున్నాడో ఆ మనిషి ఒక్కరోజులో కరిగిపోయాడు. తెలుగులో చదువుకున్న లెక్కలు ఇంగ్లీషులోకి మారిపోయాయి. తరగతిలో ముస్లిం అతనొక్కడే. మెస్‌లో మాంసం వడ్డించిన రోజున అది హలాలో కాదో అడగడానికి బిడియం. రమజాన్‌లో సహరీకి ఖర్జూరాలు, బిస్కట్లు. జుమా వేళకు ల్యాబు. రాత్రి ఇంటినుంచి ఫోను వస్తుంది. "ఎలా ఉన్నావు బేటా?" అంటే "బాగున్నాను అబ్బా" అంటాడు. ఆ రెండు మాటల వెనుక ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫీజు కోసం అబ్బా తెచ్చిన అప్పు సంగతి తనకు తెలుసునన్న విషయం అబ్బాకూ తెలియదు.

ఇలాంటి పిల్లవాడికి నిద్ర చెదిరిపోతుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు అల్లుకుపోతాయి. గుండె దడదడలాడుతుంది. అన్నం సహించదు, లేదా వేళకాని వేళ తింటూనే ఉంటాడు. స్నేహితుల ఫోన్లకు జవాబివ్వడు. ఇష్టమైన క్రికెట్టు మానేస్తాడు. చివరకు నమాజులో నిలబడినా మనసు నిలవదు. అప్పుడు అతని మనసులో ఒక విషపు ముల్లు గుచ్చుకుంటుంది. 'నా ఈమాన్ బలహీనమైపోయింది, అందుకే నాకీ దిగులు' అనుకుంటాడు. జుమా ముగిశాక చెప్పులు వెతుక్కునే చోట నిలబడి, గొంతు తగ్గించి పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. చదువు భారానికి ఇప్పుడు అపరాధ భావం కూడా తోడయింది!

సోదరులారా, ఇది చిన్న విషయం కాదు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క చెబుతోంది. వాటిలో 2,248 మరణాలకు పరీక్షలో తప్పడమే కారణంగా నమోదైంది. ఒక్కొక్క అంకె వెనుక ఒక తల్లి ఉంది. విశాఖపట్నంలో ఒక కోచింగ్ హాస్టల్‌లో 2023లో జరిగిన విద్యార్థి మరణమే ఆ తరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సంగతి రెండవ ఖుత్బాలో ప్రస్తావిస్తాను.

మొదట ఆ ముల్లును తీయాలి. విశ్వాసికి దిగులు కలగదనీ, కలిగితే అతని విశ్వాసంలో లోపముందనీ ఎవరు చెప్పారు? దివ్యఖుర్ఆన్ అలా చెప్పలేదు. హజ్రత్ యాఖూబ్ (అలై) దైవప్రవక్త. కుమారుడు యూసుఫ్ (అలై) దూరమైన దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయని యూసుఫ్ సూరాలోని 84వ వాక్యం చెబుతోంది. ఇంకా అతణ్ణే తలచుకుంటూ నశించిపోతావా అని కొడుకులు మందలించారు. తన వ్యధను, దుఃఖాన్ని అల్లాహ్‌తోనే మొరపెట్టుకుంటున్నానని ఆయన బదులిచ్చారు. ఆ మరుసటి వాక్యంలోనే, వెళ్లి యూసుఫ్‌ను వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కొడుకులను ఆదేశించారు. గమనించండి! ఏడ్చిన కళ్లూ, నిరాశ చెందని హృదయమూ ఒకే మనిషిలో ఉన్నాయి. కన్నీరు వేరు, నిరాశ వేరు. మన పిల్లలకు ఈ తేడా చెప్పేవారు కావాలి.

దైవప్రవక్త (స) తమ పసికందు ఇబ్రాహీమ్‌ను చేతుల్లో పట్టుకుని కన్నీరు పెట్టుకున్నారు. మీరు కూడానా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యమని వివరించారు. హజ్రత్ మూసా (అలై)ను ఫిరౌను వద్దకు పొమ్మన్నప్పుడు, తన ఛాతీ ఇరుకైపోతోందనీ, నాలుక సరిగా ఆడటం లేదనీ ఆయన దాచుకోకుండా ప్రభువుకు విన్నవించుకున్నారు. వైవా పరీక్ష గది బయట నిలబడి చెమటలు పట్టిన విద్యార్థి ఈ మాట వింటే తన కథే అనుకుంటాడు. మూసా (అలై) ఇంకొకటి కూడా అడిగారు: తన అన్న హారూన్‌ను తనకు తోడుగా ఇమ్మన్నారు. అల్లాహ్ ఇచ్చాడు. నీకు నేనున్నాను కదా, మనిషి సాయం ఎందుకు అని ఆయన ప్రభువు అనలేదు. కాబట్టి మనసు భారమైనప్పుడు ఒక మనిషి తోడు కోరడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే, తాహా సూరా చదవమనండి.

నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా హృదయానికి హత్తుకునే ఘట్టం మర్యమ్ సూరాలో ఉంది. హజ్రత్ మర్యమ్ (అలై) ఒంటరిగా, ఊరికి దూరంగా, ప్రసవ వేదనతో ఒక ఖర్జూరపు మానును ఆనుకుని ఉన్నారు. లోకం ఏమంటుందోనన్న భయం ఒకవైపు, ఒంటి బాధ మరొకవైపు. ఆ క్షణంలో ఆమె నోట వెలువడిన మాట, తాను ఇంతకు మునుపే చనిపోయి, ఎవరికీ గుర్తు లేకుండా పోయి ఉంటే ఎంత బాగుండేదోనన్న ఆక్రోశం. అల్లాహ్ ఎన్నుకున్న స్త్రీ, లోకంలోని స్త్రీలందరిలో శ్రేష్ఠత పొందిన స్త్రీ పలికిన మాట అది! దానిని అల్లాహ్ దాచలేదు. ప్రళయం వరకు పారాయణం జరిగే గ్రంథంలో ఉంచాడు. మరి ఆమెకు వచ్చిన జవాబు ఏమిటి? ఇంతటి దైవానుగ్రహం పొంది కూడా ఇలా మాట్లాడతావా అన్న మందలింపు కాదు. ఉపన్యాసం కూడా కాదు. దుఃఖించకు అన్న ఓదార్పు, కాళ్ల కింద పారే సెలయేరు, మానును కుదిపితే రాలే తాజా ఖర్జూరాలు. తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్న మాట. ఎవరైనా ఎదురుపడితే ఈరోజు ఎవరితోనూ మాట్లాడనని మొక్కుకున్నట్లు చెప్పు అన్న అనుమతి.

ప్రియ సోదరులారా, ఇందులోని క్రమాన్ని చూడండి. ముందు నీరు, ఆహారం, విశ్రాంతి. జనం ప్రశ్నల నుంచి రక్షణ. ఆ తరువాతే ఆమె బిడ్డను ఎత్తుకుని జనం ముందుకు వెళ్లారు. మన ఇళ్లలో పిల్లవాడు తప్పిన మార్కుల కాగితంతో వస్తే ఏం జరుగుతోంది? గుమ్మంలోనే ప్రశ్నల వర్షం! ఎంత వచ్చింది, ఎందుకు తగ్గింది, పక్కింటి అబ్బాయికి ఎంత వచ్చింది? ముందు అన్నం పెట్టండి. పడుకోనివ్వండి. చుట్టాల ఫోన్లకు మీరే సమాధానం చెప్పండి. మాట్లాడవలసినవి రేపు మాట్లాడవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) కూడా వ్యాధిగ్రస్తులకూ, ఆప్తులను పోగొట్టుకున్నవారికీ తల్బీనా పెట్టమనేవారు. అది రోగి గుండెకు నెమ్మదినిచ్చి దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని తెలిపారు. తల్బీనా అంటే యవల పిండితో కాచిన జావ. మన ప్రాంతపు చోడి అంబలి లాంటిదనుకోండి. గుండెకూ కడుపుకూ ఉన్న సంబంధం ఆ తల్లికి తెలుసు.

ఇక విద్యార్థులారా, మీతో కొన్ని మాటలు.

ఒకరోజు దైవప్రవక్త (స) మసీదులోకి ప్రవేశించి, రెండు స్తంభాల మధ్య కట్టిన ఒక తాడును చూశారు. ఇదేమిటని అడిగారు. అది హజ్రత్ జైనబ్ (రజి) కట్టుకున్న తాడు అనీ, నమాజులో అలసట వస్తే ఆమె దానిని పట్టుకుని వేలాడుతూ నిలబడతారనీ చెప్పారు. ఆయన ఆ తాడు విప్పించారు. ఉత్సాహం ఉన్నంతవరకే నమాజు చేయాలనీ, అలసిపోతే కూర్చోవాలనీ బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. నఫిల్ నమాజు కోసం కట్టిన తాడునే విప్పించిన ప్రవక్త (స), సెమిస్టర్ పరీక్షల కోసం మనం కట్టుకుంటున్న తాళ్లను చూస్తే ఏమనేవారు? రాత్రి రెండు గంటలకు నాలుగో కప్పు టీ ఒక తాడు. తెల్లవారేదాకా చదివి, ఫజ్ర్ దాటాక పడుకుని, పరీక్ష గదిలో తల వాలిపోవడం ఒక తాడు. నిద్రమత్తులో నమాజు చేసేవాడు దుఆ చేస్తున్నాననుకుని తనను తానే శపించుకోవచ్చు, కాబట్టి ముందు నిద్రపొమ్మని కూడా ప్రవక్త (స) చెప్పారు. నిద్రమత్తులో చదివేవాడి సంగతి ఇక చెప్పాలా? నిద్రలోనే మెదడు పగలు చదివినదాన్ని పదిలపరచుకుంటుందని నేటి వైద్యశాస్త్రం కూడా అంటోంది. నిద్రను కోసి చదువుకు అతికించేవాడు చివరకు రెండింటినీ పోగొట్టుకుంటాడు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడు, పట్టుదల గలవాడు. ప్రతిరోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు. దైవప్రవక్త (స) ఆయనను పిలిచి, నీ శరీరానికి నీపై హక్కు ఉంది, నీ కళ్లకు నీపై హక్కు ఉంది, నీ భార్యకూ, నిన్ను చూడవచ్చేవారికీ నీపై హక్కు ఉంది అని చెప్పి, తగ్గించుకోమన్నారు. ఆయన బలం ఉందంటూ మరికొంత, మరికొంత అని అడిగి తెచ్చుకున్నారు. ముసలితనంలో, ప్రవక్త (స) ఇచ్చిన సడలింపును అప్పుడే స్వీకరించి ఉంటే బాగుండేదని వాపోయారు. ఇరవై ఏళ్ల వయసులో శరీరం అప్పు ఇస్తుంది, అడిగినంతా ఇస్తుంది. తిరిగి వసూలు చేసుకోవడం తరువాత మొదలవుతుంది.

ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడం ప్రవక్త (స)కు ఇష్టముండేది కాదని హదీసులలో ఉంది. ఆ కాలంలో కబుర్లాడటానికి ఎదుట మరో మనిషి ఉండాలి. అతనికి నిద్ర వస్తే సభ ముగిసేది. మన చేతిలోని ఫోనుకు నిద్ర రాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో తోటి విద్యార్థి ఆఫర్ లెటర్, మరొకరి అమెరికా వీసా, ఇంకొకరి కొత్త బైకు చూస్తూ పడుకున్నవాడి గుండెలో ఏం మిగులుతుంది? ఐహిక విషయాలలో మీకన్నా పైవారిని కాక కిందివారిని చూడమని ప్రవక్త (స) చెప్పారు. ఫోను మాత్రం ఆ ఉపదేశాన్ని తలకిందులు చేసి, రోజంతా పైవారినే చూపిస్తుంది. రాత్రి పది గంటలకు దాన్ని గదిలో దూరంగా పెట్టడం కూడా ఈ కాలంలో ఒక చిన్న జిహాదే.

పరీక్ష తప్పినవారికి ఒక మాట. ముస్లిం గ్రంథంలోని ఒక హదీసులో దైవప్రవక్త (స) మేలు చేసేదానికోసం పాటుపడమనీ, అల్లాహ్ సహాయం కోరమనీ, నిస్సహాయుడిలా కూలబడవద్దనీ చెప్పారు. ఏదైనా ఆపద వస్తే, నేను అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కాదేమో అనుకుంటూ ఉండిపోవద్దనీ, ఆ 'ఉంటే' అనే మాట షైతాన్‌కు తలుపు తెరుస్తుందనీ హెచ్చరించారు. చదువులో తప్పెక్కడ జరిగిందో చూసుకోవద్దని దీని అర్థం కాదు. చూసుకోండి, సప్లిమెంటరీకి ఫీజు కట్టండి, అర్థం కాని పాఠం సీనియర్‌ను అడగండి. అది పాటుపడటం. అదే బ్యాక్‌లాగును రాత్రింబవళ్లు మనసులో తిప్పుకుంటూ తనను తాను కొరడాతో కొట్టుకోవడం, ప్రవక్త (స) మూసివేయమన్న ఆ తలుపు తెరవడం. మొదటిది మిమ్మల్ని పుస్తకం దగ్గరకు తీసుకెళ్తుంది, రెండవది మంచం దగ్గరే పడేస్తుంది. ఏది ఏదో గుర్తుపట్టడానికి ఇంతకన్నా గురుతు అక్కరలేదు.

దైవప్రవక్త (స) సేవలో ఉన్న హజ్రత్ అనస్ (రజి), ఆయన తరచుగా చేసే ఒక దుఆను మనకు అందించారు. అందులో ఆయన రాబోయేదాని గురించిన బెంగ, గడిచినదాని గురించిన దుఃఖం, అశక్తత, బద్ధకం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం – వీటన్నిటి నుంచీ అల్లాహ్ శరణు వేడేవారు. ఈ జాబితాను ఒకసారి హాస్టల్ గదిలో కూర్చుని చదవండి. ప్లేస్‌మెంట్ గురించిన బెంగ అందులో ఉంది. పోయిన సెమిస్టర్ దుఃఖం ఉంది. అబ్బా చేసిన అప్పు ఉంది. ర్యాగింగ్ చేసే సీనియర్ కూడా ఉన్నాడు! ప్రవక్త (స) ఈ దుఆను ఒక్కసారి చేసి ఊరుకోలేదు, తరచుగా చేసేవారు. అంటే ఈ భారాలు మనిషి జీవితంలో మళ్లీ మళ్లీ వస్తాయని ఆయనకు తెలుసు. ఆ దుఆను అరబీలో కంఠస్థం చేయండి, అర్థం తెలుగులో మనసుకు పట్టించుకోండి.

ఇంతవరకు చెప్పినదానిలో పొరపాట్లుంటే అల్లాహ్ నన్ను క్షమించుగాక. నా కొరకు, మీ కొరకు ఆయన మన్నింపును వేడుకుంటున్నాను.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన ప్రవక్త (స) పై శాంతి శుభాలు కురియుగాక.

సోదరులారా! హిరా గుహలో మొదటి వహీ అందుకున్న దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనకు ఏదో జరుగుతుందన్న భయం వెలిబుచ్చారు. హజ్రత్ ఖదీజా (రజి) ముందుగా దుప్పటి కప్పారు. వణుకు తగ్గేదాకా ఆగారు. ఆయన చెప్పినదంతా విన్నారు. ఆ తరువాత మీరు బంధువులను ఆదుకుంటారు, బలహీనుల భారం మోస్తారు, అతిథులను ఆదరిస్తారు, అల్లాహ్ మిమ్మల్ని అవమానించడు అంటూ ఆయనలోని మంచిని ఆయనకే గుర్తు చేశారు. అంతటితో ఆగలేదు. ఈ విషయాలు తనకన్నా బాగా తెలిసిన వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు స్వయంగా వెంటబెట్టుకుని వెళ్లారు.

తల్లిదండ్రులకు ఇంతకన్నా పాఠం ఏం కావాలి? పిల్లవాడు మనసు విప్పినప్పుడు, ఇదంతా నమాజు మానడం వల్లనే అని వెంటనే తీర్పు చెప్పకండి. జిన్ను పట్టిందనీ, దిష్టి తగిలిందనీ తాయెత్తుల వెంట నెలల తరబడి తిప్పకండి. ఖుర్ఆన్ పఠించి ఊదడం సున్నతే, దుఆ విశ్వాసి ఆయుధమే. కానీ వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోండి, ఒక్క ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడని ప్రవక్త (స) జవాబిచ్చారు. ఆ జవాబులో శరీర రోగాలకు మాత్రమే అన్న షరతు లేదు. జ్వరానికి డోలో వేసుకుంటే తగ్గని తవక్కుల్, మనోవ్యాధికి డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే తగ్గిపోతుందా?

మన పూర్వికులకు ఇది కొత్త సంగతి కాదు. పదకొండు వందల ఏళ్ల క్రితమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం విద్వాంసుడు శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో పక్కపక్కన చర్చించి, భయానికీ, కోపానికీ, విచారానికీ, విడవని దురాలోచనలకూ వేర్వేరు అధ్యాయాలు రాశాడు. ఇక ఇమామ్ గజాలీ (రహ్మ) సంగతి చూడండి. బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో పెద్ద ఆచార్యుడు, వందలాది శిష్యులు, ముప్పై ఏడేళ్ల వయసు. హిజ్రీ 488లో, అంటే 1095లో, ఆయన నాలుక కట్టుబడిపోయింది. పాఠం చెబుదామని కూర్చుంటే మాట రాదు. ముద్ద దిగదు, నీరు జీర్ణం కాదు. వైద్యులు ఇది గుండెలో పుట్టి ఒంట్లోకి దిగిన బాధ అని తేల్చారు. ఆయన దాచిపెట్టి నెట్టుకురాలేదు. పదవి వదిలి, కుటుంబానికి తగిన ఏర్పాటు చేసి, డమాస్కస్ దారి పట్టారు. ఏళ్ల తరబడి విరామం తీసుకున్నారు. 1106లో నీషాపూర్‌లో మళ్లీ బోధన చేపట్టారు. ఇదంతా తన ఆత్మకథలో తానే రాసుకున్నారు. ఒక సంవత్సరం చదువు ఆగితే బతుకంతా ఆగిపోయిందనుకునే పిల్లలకు, హుజ్జతుల్ ఇస్లాం అని సముదాయం పిలుచుకునే ఆ మహనీయుడి ఖాళీ సంవత్సరాలను గురించి చెప్పండి.

ఇప్పుడు అత్యంత ముఖ్యమైన మాట. ఎవరైనా పిల్లవాడు బతకాలని లేదు అన్నా, నేను లేకపోతే అందరికీ మంచిది అన్నా, తన వస్తువులు పంచిపెట్టడం మొదలుపెట్టినా, దానిని వేళాకోళంగా తీసుకోకండి. అతన్ని ఒంటరిగా వదలకండి. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా, ప్రేమతో అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటపడి తేలికవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఎప్పుడైనా, ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇప్పుడే కాదు, నమాజు తరువాత మీ ఫోనులో రాసుకోండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఫోనుతో ఆగక, దగ్గరి ఆసుపత్రికి మీరే వెంట తీసుకుని వెళ్లండి.

మిమ్మల్ని మీరు చంపుకోకండి అని నిసా సూరాలో అల్లాహ్ నిషేధించిన చోటనే, తాను మీ పట్ల దయామయుడనని కూడా చెప్పాడు. ఆ నిషేధం దయలోనుంచి వచ్చింది. బిడ్డా, ఆ ఆలోచన నీకు వస్తే అది నీ నిజ స్వరూపం కాదు, అలసిపోయిన మనసు పలికే మాట. మర్యమ్ (అలై) నోట వచ్చిన ఆక్రోశం తరువాత ఆమె కథ ముగియలేదని గుర్తుంచుకో. ఈ రాత్రి ఒక మనిషితో చెప్పు. ఎవరూ లేరనిపిస్తే మసీదుకు రా.

ఇలా బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలు కూడా మన మధ్య ఉండవచ్చు. వారి ఇంటికి వెళ్లి తీర్పులు చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మదీనాకు హిజ్రత్ చేసిన ఒక వ్యక్తి అక్కడ జబ్బుపడి, ఓర్చుకోలేక తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన స్నేహితుడు తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) అతన్ని కలలో మంచి స్థితిలో చూసి, అయితే ఒక లోపం మిగిలి ఉండటాన్ని గమనించి, వచ్చి విన్నవించగా, ప్రవక్త (స) దానిని కూడా మన్నించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. చేసిన పని ఘోరమే, సందేహం లేదు. కానీ ఆయన నోటి నుంచి వచ్చింది దుఆ. మనం ఆ ఇంటికి వెళ్తే మన నోట కూడా అదే రావాలి.

విద్యాసంస్థల విషయానికి వస్తే, నేను ముందు చెప్పిన విశాఖ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలరో, మనస్తత్వ నిపుణుడో ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచులుగా విడదీయకూడదు, పదిమందిలో అవమానించకూడదు. సహాయ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. మీ పిల్లవాడి హాస్టల్‌కు వెళ్లినప్పుడు మెస్ ఎలా ఉందని అడుగుతారు కదా, కౌన్సిలర్ ఎవరని కూడా అడగండి. మర్యాదగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.

మరి మన జమాఅత్ ఏం చేస్తుంది? ఎచ్చెర్లలో చదువుకునే ముస్లిం విద్యార్థుల పేర్లు, ఫోను నంబర్లు మన దగ్గర లేవు. ఇది మన తప్పు, వారిది కాదు. నెలకు ఒక ఆదివారం ఒక్కొక్క ఇంటివారు నలుగురైదుగురు పిల్లలను భోజనానికి పిలిస్తే ఎంత ఖర్చవుతుంది? బిర్యానీ అక్కరలేదు, పప్పూ ఖీమా చాలు; వారికి కావలసింది ఇంటి వాసన. రమజాన్‌లో సహరీ డబ్బాలు పంపే ఏర్పాటు చేయవచ్చు. జుమాకు రావడానికి ఒక ఆటో మాట్లాడవచ్చు. జుమా వేళకే పరీక్ష పడి, మార్చుకునే వీలు లేని పిల్లవాడు అపరాధ భావంతో కుమిలిపోకుండా, అతని పరిస్థితిలో ఏం చేయాలో ఉలమాలను అడిగి చెప్పే పెద్దన్న ఒకడు ఉండాలి. ఫీజు కట్టలేక వడ్డీ అప్పుల వైపు చూసే అర్హులైన కుటుంబాలకు జకాత్ నిధి నుంచి సాయం అందాలి, అదీ పేరు బయటపడకుండా. ఆడపిల్లల విషయం మరీ మరచిపోకండి. వారు మసీదు గుమ్మం దాకా కూడా రారు కాబట్టి, వారిని పలకరించే బాధ్యత మన ఇళ్లలోని అక్కలు, ఆపాలు తీసుకోవాలి. ఈ రోజు నమాజు తరువాత ముతవల్లీ సాహెబ్ దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. విద్యార్థులు తమ పేర్లు రాయండి. ఆదివారం భోజనం పెట్టగలవారు పక్క పేజీలో రాయండి.

దుఆ చేద్దాం. ఓ అల్లాహ్! ఇల్లు విడిచి చదువుకోవడానికి వచ్చిన మా పిల్లలను నీ సంరక్షణలో ఉంచు. వారి నిద్రలో శాంతిని, చదువులో శుభాన్ని ప్రసాదించు. ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తున్న బిడ్డ మొర నీవు వింటున్నావు. అతని దగ్గరకు ఒక మంచి మనిషిని పంపు, ఆ మనిషి మాలో ఒకడయ్యే భాగ్యం ఇవ్వు. అప్పుల్లో ఉన్న తండ్రుల భారం దించు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల గుండెలకు సహనాన్ని ఇవ్వు, వెళ్లిపోయినవారిని నీ మన్నింపుతో కప్పు. వ్యాధిగ్రస్తులకు స్వస్థత చేకూర్చు. ఆమీన్.

లేవండి. వరుసలు సరిచేసుకోండి, భుజం భుజం కలపండి, మధ్యలో ఖాళీ వదలకండి. వెనుక నిలబడిన పిల్లలను ముందుకు రానివ్వండి.